బిందెడు వాన

మొన్న ఇండ్ల సర్వేకు ఒక ఊరికి వెళ్ళాను. ఒక ఇంటి ముందు బండి ఆపగానే నాకు అనుమానం వచ్చింది. గోడలకు నిన్నో మొన్నో వేసిన సున్నం. వాకిట్లో చల్లిన నీళ్ళు ఇంకా ఆరలేదు. లోపల వరసగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఎర్రవి, రెండు నీలివి. అంటే రెండిళ్ళ నుంచి అడిగి తెచ్చినవి. ఇంటావిడ "కూసోండ్రి మేడం, చాయ్ పెడ్త" అంది. నేను కూర్చోలేదు. నేరుగా లోపలికి వెళ్ళి, వెనక గోడకు కట్టిన పూలచీర పరదాను పట్టి పక్కకు లాగాను. గోడలో చెయ్యి దూరేంత పగులు ఉంది.

"గిది నీకెట్ల తెలిసింది మేడం?" అందావిడ. గొంతులో సగం సిగ్గు, సగం కోపం.

నాకు ఈ విద్య నేర్పిన గురువు ఒకామె ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గర నేను పంచాయతీ సెక్రటరీగా మొదటి ఉద్యోగం చేసిన పల్లెలో ఉంటుంది. ఇలా మొదలుపెట్టానని ఆమె పోయిందనుకునేరు. గుండ్రాయిలా ఉంది. ఇప్పటికీ పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని, ఆదిభట్లలో ఒక ఐటీ క్యాంపస్‌కు హౌస్‌కీపింగ్ పనికి పోతుంది. పేరు మాత్రం రాయను. రాస్తే "నా ఇంటి గోడ సంగతి దునియాకంత చెప్పినవా" అని ఆటో కట్టించుకుని వచ్చి మరీ తిడుతుంది. ఆమె నోటికి నేను ఈ వయసులో కూడా భయపడతాను.

సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆమె చేతులకు ఊరికే ఉండడం రాదు. మాట్లాడుతున్నంత సేపూ కొంగుతో ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటుంది. కిటికీ ఊచ, చెంబు మూతి, నా బండి సీటు, ఏది దొరికితే అది. మొదటిసారి సర్వేకు వెళ్ళి ఫోటో తీయబోతే, "ఆగు బిడ్డా" అని నా ఫోను లాక్కుని, వెనక అద్దం కొంగుతో శుభ్రంగా తుడిచి ఇచ్చింది. "ఇప్పుడు తియ్యి. లేకపోతె మబ్బుమబ్బుగొస్తది" అంది.

ఆ ఒక్క ఫోటోయే ఆమె కొంప ముంచింది. ముంచింది నేనే అనుకోండి.

అది ప్రభుత్వం ఇల్లు లేనివాళ్ళకు, కూలిపోయే ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ఇల్లు కట్టుకోవడానికి సాయం చేసే పథకం. ఇల్లిల్లూ తిరిగి, గోడ ఏమిటో, కప్పు ఏమిటో, స్థితి ఎలా ఉందో ఫోనులో నింపి, ఇంటామెను ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీయాలి. కొత్త ఉద్యోగం, ఎండ, రోజుకు బోలెడు ఇళ్ళు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి తెల్లటి గోడలు, కింద ఎర్రటి జాజు పట్టీ, తళతళలాడే గిన్నెల వరస, గోడమీద శిలువ ఉన్న క్యాలెండరు, కిటికీకి పరదా. ఆమె ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, మెడలో గిల్టు గొలుసు వేసుకుని నిలబడింది. సాసర్లున్న కప్పుల్లో చాయ్ ఇచ్చింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను ఇల్లాలిని చూసి ఇంటిని రాశాను. గోడ ఇటుకది, ఇల్లు మంచి స్థితిలో ఉంది. చాయ్ చాలా బాగుంది.

గ్రామసభలో పేర్లు చదివిన రోజు ఆమె పేరు లేదు. లేనివాళ్ళంతా నా మీద పడ్డారు. ఒకాయన బల్ల గుద్దాడు. ఆమె మాత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, తలుపు గొళ్ళేన్ని కొంగుతో తుడుస్తూ అంది.

"నా ఇల్లు మంచిగున్నదని రాసినవట గదా బిడ్డా."

"చూసిందే రాసిన పెద్దమ్మా" అన్నాను, కాస్త కరుకుగానే.

"సంతోషం. ఇన్నేండ్లకు నువ్వన్న మంచిగున్నదన్నవ్. ఒకపారి వానల రా, మంచిగ సూద్దువు."

ఆ మాట ముల్లులా ఉండిపోయింది. మొదటి పెద్ద వాన పడ్డ సాయంత్రం, రెయిన్‌కోటు వేసుకుని, తిట్టుకుంటూనే వెళ్ళాను.

గుమ్మంలో అడుగు పెట్టబోతే పసుపుపచ్చ ప్లాస్టిక్ బోర్డు ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. దాని మీద మనిషి జారి పడుతున్న బొమ్మ. క్యాంపస్‌లో విరిగిపోయిందని పారేస్తే, అడిగి తెచ్చుకుని కాలు కట్టి నిలబెట్టుకుందట. "మెల్లగ రా బిడ్డా, మొన్న నేనే పడ్డ" అంది.

లోపల ఇల్లంతా గిన్నెలు. పైన గూనపెంకుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కో ఉరుపు కింద ఒక్కో గిన్నె. నేను గోడవారగా నడవబోతే ఆమె నా చెయ్యి పట్టి లాగింది.

"గటు పోకు. పెద్దబావ ఉన్నడు."

"ఎవరు?"

దర్వాజ దగ్గర గంజులో పడుతున్న ధారను చూపించింది. "గాయినె. జల్ది రాడు. ఒచ్చిండంటె పోడు." తరువాత వరసగా అందరినీ పరిచయం చేసింది. మంచం కాడ చెంబులో బొట్టుబొట్టుగా పడేది వాళ్ళత్త, వాన వెలిసినా సణుగుడు ఆపదు. పొయ్యి దగ్గరున్నది ఆడిబిడ్డ. "ఇది ఒక్కతాన నిలువది. ఇయ్యాల గీడ, రేపు గాడ. ఎనక తపేలా పట్టుకొని తిరుగుడే నా పని." అసలు ఆడిబిడ్డ ఎదురింట్లోనే ఉంటుంది. ఇద్దరికీ పదిరోజులకొకసారి పోట్లాట, పదకొండో రోజు కూర గిన్నెలు అటూ ఇటూ మారడం.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, కాళ్ళు నొప్పిపుట్టి, వెనక గోడకు ఒరగబోయాను.

"ఆ గోడకు ఒరగకు" అంది ఆమె. ఈసారి గొంతులో ఆట లేదు.

నా నవ్వు పోయింది. గోడకు కట్టిన చీరను కొంచెం ఎత్తి చూశాను. మట్టిగోడ పొట్ట ఉబ్బి లోపలికి వంగి ఉంది. రెండు దుంగలు ఏటవాలుగా ఆనించి ఆపింది. ఆ గోడకు దూరంగా, పొయ్యి పక్కన బొంత పరుచుకుని పడుకుంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్క కూతురు, రావిర్యాలలో అత్తగారింట్లో ఉంటుంది. తల్లిని చూడడానికి వస్తే చూసిపోవడమే గానీ పిల్లలతో ఇక్కడ నిద్ర చేయదు. ఎందుకు చేయదో అప్పుడు అర్థమైంది.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద, నా మీద, ఆ చాయ్ కప్పుల మీద.

"ఇది నాకెందుకు చూపియ్యలే పెద్దమ్మా?"

"ఇంటికొచ్చినోళ్లకు పగిలిన గోడ ఎవరన్న సూపెడ్తరా?"

"అది సర్వే. పెండ్లిచూపులు కాదు. అడగందే అమ్మయినా పెట్టదు."

"అడిగిన గద బిడ్డా, కాయితం ఇచ్చిన. అడుగుడు వేరె, ఇడిసి సూపెట్టుడు వేరె" అంది, పెద్దబావను బయట పారబోసి వస్తూ. "సుబ్బరం మన చేతుల ఉన్నది. మిగిలింది దేవుని చేతుల ఉన్నది. మన చేతుల ఉన్నదాన్ని గూడ ఇడిసిపెట్టుమంటవా?"

ఆమె కూర్చోదు కాబట్టి నేనూ నిలబడే ఉన్నాను. ఆమె ఇంట్లో కూర్చోగా నేను ఏనాడూ చూడలేదు. ఎందుకని అడిగితే, "కూసుంటె మోకాళ్ళు ముచ్చట పెడ్తయి" అనేది. అసలు సంగతి, ఆ ఇంట్లో వెన్ను ఆనించుకోవడానికి చోటు లేదు.

నా సర్వే తప్పని నేనే రాసి, మళ్ళీ పరిశీలించమని పైకి పంపాను. నా తప్పు నేను రాసుకోవడం నాకు అంత సులువేమీ కాలేదు. ఆ వానాకాలం గోడ ఎలాగో నిలబడింది. ఇంజనీరు సారు వచ్చేసరికి ఎండాకాలం వచ్చేసింది. రెండో విడత జాబితా ముగించేస్తున్నారు, ఆ రోజు ఆయన సరే అనకపోతే ఇక పేరు ఎక్కదు. ఇంకో వానకు ఆ దుంగలు ఆగవు. ముందురోజు వెళ్ళి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. సున్నం వేయొద్దు. జాజు పూయొద్దు. పరదా తీసెయ్యి. పాతచీర కట్టుకో. కుర్చీలు తేవద్దు. ముఖ్యంగా చాయ్ పెట్టొద్దు.

"సరె" అంది. అంత త్వరగా ఒప్పుకున్నప్పుడే నాకు తెలియాల్సింది.

తెల్లవారి ఇంజనీరు సారును తీసుకుని వెళితే, సున్నం, జాజు, పరదా, తెల్లచీర, గిల్టు గొలుసు. వాకిలి ఊడ్చిన చీపురు గీతలు కూడా చెదరలేదు. ఒక్క కుర్చీ, సరిగ్గా ఇంటి నడుమ. నేను తల పట్టుకున్నాను.

సారు మంచివాడే కానీ, పొద్దుటి నుంచి తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాడు. గుమ్మంలోంచే తొంగి చూసి, "మేడం, గిదేనా? దీనికంటె అధ్వానమైనయి చూసొస్తున్న. ఇది మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. ఫోను బయటికి తీశాడు.

"అవ్ సారు" అంది ఆమె. "కూసోండ్రి, చాయ్ తాగి పోదురు."

నాకు ఆమెను అక్కడికక్కడ ఏమన్నా చేయాలనిపించింది. ఎండకు వచ్చిన మనిషి, చాయ్ వాసన, సారు కూర్చున్నాడు. ఆమె కప్పు ఆయన చేతికిచ్చి, తలుపు దగ్గరికి వెళ్ళి, ఇంటి కప్పు వైపు చూసి కేకేసింది.

"ఇగ పొయ్యి."

పైన ఏదో భళ్ళుమంది. ఎదురింటి ఆడిబిడ్డ నిచ్చెన మీద నిలబడి, నిండు బిందె పెంకుల మీద కుమ్మరించింది. ఏం జరుగుతుందో మాకు తెలిసేలోపే పెద్దబావ వచ్చాడు, అత్త వచ్చింది, పొయ్యి దగ్గర ఆడిబిడ్డ వచ్చింది. సారు నెత్తిన, చొక్కా మీద, చాయ్‌లో, ఫైలు మీద నీళ్ళు. ఆయన లేచేలోపే రెండో బిందె పడింది. వదినె ఇంట్లో నీళ్ళు పోయడానికి అనుమతి దొరికిన ఆడిబిడ్డ అంత తేలిగ్గా ఆగుతుందా.

ఆమె ముందే తలుపు వెనక పెట్టుకున్న గొడుగు తీసి, విప్పి, ఆయన చేతిలో పెట్టింది.

"కోపం జెయ్యకుండ్రి సారు. ఎండకాలమొస్తిరి, వాన నాడు మీకు తీరది. అందుకె బిందెడు వాన కురిపిచ్చిన." తడిసిన ఫైలును కొంగుతో తుడుస్తూ అంది. "నా ఇల్లు సుబ్బరంగుంటది. అది నా గుణం. ఇల్లు గట్టిగుండుడు నా చేతుల లేదు. రెండు ఒక్కటె అనుకోకుండ్రి."

సారు గొడుగు కింద నిలబడి, ఇంట్లో గొడుగు కింద, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నాకు ఆ క్షణం ఉద్యోగం పోతుందేమోనన్న భయం, చప్పట్లు కొట్టాలన్న ఆశ రెండూ కలిగాయి. ఆయన చాయ్ కప్పులోకి చూసుకుని, ఉన్నట్టుండి నవ్వాడు. "ఇంకేమన్న ఉన్నదా అమ్మా, చూపియ్యనిది?" అని అడిగాడు.

ఆమె కదల్లేదు. నా వైపు చూసింది. నేను పరదా వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను. చివరికి తనే వెళ్ళి, ముడి విప్పి, ఆ చీరను దించింది. వెంటనే పక్కన పడేయలేదు. కొసలు కలిపి, నాలుగు మడతలు పెట్టి, మంచం మీద పెట్టి, ముడత పడకుండా అరచేత్తో ఒత్తింది. అంతసేపూ మేమిద్దరం తలలు దించుకున్నాం. ఆమె సిగ్గుపడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సారు దుంగలను చూశాడు, గోడ పొట్ట మీద అరచెయ్యి వేసి తీశాడు. ఆ గోడ పక్కన ఆమె ఫోటో కావాలన్నాడు. ఆమె జుట్టు సర్దుకుంది, కొంగు సర్దుకుంది, ఆయన ఫోను అద్దాన్ని తుడిచి ఇచ్చింది, నిటారుగా నిలబడింది. సారు ఫోను ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు.

"ఏంది సారు? ఏడ్వాల్నా?"

"వద్దమ్మా" అన్నాడు ఆయన. "గట్లనే నిలబడు."

పేరు వచ్చింది. మంజూరు కాగితం ఇవ్వడానికి వెళితే, ముందు చేతులు కడుక్కుని వచ్చి తీసుకుంది.

పాత ఇంటిని విప్పి, ఆడిబిడ్డ ఇంటికి మకాం మార్చింది. ముగ్గు పోసి కొలతలు గీసే రోజు కూడా నేనున్నాను. చుట్టాలంతా తలా ఒక సలహా. ముందుకు ఒక మూర జరుపు, పక్కన ఇంకో గది దించు, మళ్ళీ మళ్ళీ కడతామా. పథకంలో ఇంటికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే సాయం ఆగిపోతుంది. అలా దాటి, పునాదులతో ఆగిపోయిన ఇళ్ళు ఊళ్ళో అప్పటికే రెండున్నాయి. నేను నోరు తెరిచేలోపే ఆమె క్యాంపస్ నుంచి తెచ్చుకున్న పాత మాప్ కర్రతో ముగ్గు గీతల్లోకి దిగింది. ఆ చివర మొదలుపెట్టి, వంగి, వెనక్కి నడుస్తూ, మట్టి నేలను నిజంగా తుడుస్తున్నట్టే ఈ చివరిదాకా వచ్చింది. రెండు గదులు, వంటిల్లు. నడుము పట్టుకుని లేచి అంది.

"నాతోని తుడువనైనంతనే నా ఇల్లు. ఇంగ పెద్దగ కడితె మీరొచ్చి తుడుస్తరా?"

మేస్త్రి నవ్వుకుంటూ తాడు కట్టాడు.

గోడలు లేచాయి. స్లాబు పడింది. పైన మడులు కట్టి నిలిపిన నీళ్ళన్నీ అది తాగి గట్టిపడి, కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు విప్పాక, స్లాబు ఫోటో తీయడానికి ఇంజనీరు సారు వచ్చాడు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. సారు చేతిలో మాత్రం గొడుగు ఉంది. "మీ పెద్దమ్మను నమ్మలేం మేడం" అన్నాడు.

లోపల ఇంకా గిలాబు చేయని, ఇటుకలు కనబడే గోడలు, సిమెంటు వాసన. ఇంటి నడుమ ఒక్క కుర్చీ. గంజు, చెంబు, తపేలా, పాత ఇంట్లో ఎక్కడెక్కడ ఉండేవో ఇంచుమించు అక్కడే పెట్టి ఉన్నాయి. అన్నీ తోమి, తుడిచి, లోపల చుక్క తడి లేకుండా. సారు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చాయ్ ఇచ్చింది. పైన స్లాబు మీద కాళ్ళ చప్పుడు.

"పొయ్యి" అంది.

నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది. సారు అలవాటుగా చాయ్ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మేం ముగ్గురం తలలెత్తి చూస్తున్నాం. మరో బిందె. మరోటి. కింద నీళ్ళు అందించేవాళ్ళు చాలక, ప్రభుత్వ ఉద్యోగినన్న మాట మరిచి, నేను కూడా రెండు బిందెలు నిచ్చెన ఎక్కించి వచ్చాను. పైన నీళ్ళు పరుగెత్తి గొట్టంలోంచి వాకిట్లోకి ధారగా దూకుతున్నాయి. లోపల చప్పుడు లేదు.

ఆమె గంజు దగ్గరికి వెళ్ళి, లోపల వేలు తిప్పి చూసింది. "పెద్దబావ రాలే" అంది. చెంబులో చూసింది. "అత్త రాలే." తపేలా ఎత్తి బోర్లించింది. "ఆడిబిడ్డ గూడ రాలే."

"వదినె, ఉరుస్తున్నదా?" పైనుంచి అసలు ఆడిబిడ్డ గొంతు.

"లేదు."

"సాలా మరి?"

"సాలదు. ఇంక పొయ్యి. నేను సాలనేదాక పొయ్యి."

సారు చాయ్ చివరి గుక్కదాకా తాగాడు. గొడుగు విప్పకుండానే కుర్చీకి తగిలించి, ఫోటో తీసుకోవడానికి బయటికి నడిచాడు. నా కళ్ళు నీళ్ళతో నిండాయి. దాచుకోలేదు. నేను ఒకనాడు ఫోనులో నొక్కిన అబద్ధం ఇవాళ నిజమైంది. ఇల్లు మంచి స్థితిలో ఉంది.

తిరిగి చూస్తే, ఆమె కూర్చుని ఉంది. వెనక గోడ దగ్గర, కింద, కాళ్ళు చాపుకుని. వెన్ను, తల, భుజాలు, ఒంట్లో ఉన్న బరువంతా ఆ గోడకు అప్పగించేసి, కళ్ళు మూసుకుని, బయట పడుతున్న నీళ్ళ చప్పుడు వింటోంది. చేతులు రెండూ ఒడిలో ఊరికే ఉన్నాయి.

నా అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచి, పక్కన నేల మీద అరచేత్తో తట్టింది.

"రా బిడ్డా, ఒరుగు" అంది.